వినికిడి మీద అదుపు: నచ్చిన ప్లేయర్‌లో ఇంటర్నెట్ రేడియో

దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో, అంటే పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిధిలో, ఎవరికి ఏ రేడియో కేంద్రం వినపడాలన్నది చాలాకాలం పాటు కొండలూ గుట్టలూ దూరాలే తేల్చాయి. నిజాం పాలనలో 1935లో 200 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి చేతికి వచ్చింది. ఆ తరువాత హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద ఏళ్ల తరబడి వినిపించిన ప్రసారాలు, నేలను అంటిపెట్టుకొని సాగే తరంగాలు కావడం వల్ల, దేవరకొండ, అచ్చంపేట వంటి దూరపు ఊళ్లకు పగటిపూట కూడా అందేవి. అయితే మీడియం వేవ్‌కు పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, బోరు మోటార్ల స్టార్టర్లు వెదజల్లే విద్యుత్ అలజడి కూడా ఆ తరంగాలతో పాటే సెట్టులోకి చొరబడుతుంది కాబట్టి, ఇంట్లో కరెంటు వస్తువులు పెరిగినకొద్దీ పాట వెనుక గరగర కూడా పెరుగుతూ వచ్చింది.

ఎఫ్‌ఎం ఆ గరగరను వదిలించింది కానీ, దాని తరంగాలు దాదాపు కనుచూపు దారిలోనే ప్రయాణిస్తాయి కనుక, మధ్యలో గుట్ట అడ్డం వస్తే అక్కడితో సరి. హైదరాబాద్ నుంచి 101.9 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఎఫ్‌ఎం రెయిన్‌బో, 102.8 మీద వచ్చే వివిధ భారతి నగరంలో ఎంత శుభ్రంగా వినిపించినా, శ్రీశైలం రోడ్డు పట్టి వెళ్లే వాహనంలో దూరం పెరిగేకొద్దీ తడబడతాయి. మన్ననూరు దాటి అమ్రాబాద్ పీఠభూమి అడవిలోకి వెళ్లేసరికి వాటి మీద ఆశ పెట్టుకోలేము. రాచకొండ గుట్టల అవతలి పల్లెల్లో, గుట్టల నీడ పడే ప్రతిచోటా, ఇదే పరిస్థితి. ఈ లోటు తీర్చడానికే ప్రభుత్వం 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా 18 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లోని 84 జిల్లాల్లో ఒక్కొక్కటి 100 వాట్ల శక్తి గల 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లను ఒకేసారి ప్రారంభించింది. వాటి మేలు వాటికి ఉంది. కానీ 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ తన చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల మేరకే పనిచేస్తుంది, పైగా అది ఏ కేంద్రాన్ని తిరిగి ప్రసారం చేస్తే శ్రోత దానినే వినాలి. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో వంటి సామాజిక రేడియోలది మరింత చిన్న పరిధి. అలాంటి అరుదైన ప్రయత్నం గురించి చదివి తెలుసుకున్న నారాయణపేట రైతు మహిళకు, ఎఫ్‌ఎం సెట్టు పెట్టుకొని ఆ గొంతులను వినే అవకాశం లేదు.

ఇంటర్నెట్ రేడియో ఈ దూరాల లెక్కనే మార్చివేసింది. స్టూడియోలోని ధ్వనిని ఒక కంప్యూటర్ అక్కడికక్కడే అంకెల్లోకి మార్చి, పరిమాణం తగ్గించి, సర్వర్ అనే మరో కంప్యూటర్‌కు ఎడతెగకుండా పంపుతుంది. అడిగిన ప్రతి ఫోనుకూ ఆ సర్వర్ ఒక నకలు అందిస్తుంది. ఇలా మొత్తం ముందుగా దించుకోనవసరం లేకుండా, వస్తున్నది వస్తున్నట్లే వినిపించే ధ్వనిని స్ట్రీమ్ అంటారు. 1993లో అమెరికాలో కార్ల్ మలముద్ మొదలుపెట్టిన ఇంటర్నెట్ టాక్ రేడియో ఈ దారిలో తొలి అడుగు. మరుసటి ఏడాది నవంబరు 7న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థుల కేంద్రం డబ్ల్యూఎక్స్‌వైసీ తన ఎఫ్‌ఎం ప్రసారాన్ని యథాతథంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ దశాబ్దం చివరలో, విన్‌యాంప్ ప్లేయర్‌ను తయారుచేసిన నల్‌సాఫ్ట్ సంస్థ షౌట్‌కాస్ట్‌ను, దాని వెనుకనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వచ్చిన ఐస్‌కాస్ట్‌ను ఉపయోగించి, మామూలు కంప్యూటర్ ఉన్నవారు ఎవరైనా కేంద్రం నడపగలిగారు. ప్రవాసాంధ్రుల కోసం టోరి వంటి తెలుగు ఇంటర్నెట్ రేడియోలు పుట్టింది ఈ వెసులుబాటుతోనే. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చవకై, స్ట్రీమ్ పల్లెటూరి జేబుకు కూడా అందుబాటులోకి వచ్చింది.

అందుబాటులోకి వచ్చిన ఈ సౌకర్యాన్ని సగటు శ్రోత వాడుకుంటున్న తీరులో ఒక లోపం ఉంది, ఈ అధ్యాయం ప్రధానంగా దాని గురించే. ఒక్కో కేంద్రానికి ఒక్కో యాప్ దించుకోవడం, ఆ యాప్ అడిగిన అనుమతులన్నీ ఇవ్వడం, పాటకు ముందు ప్రకటన, వార్తకు ముందు నోటిఫికేషన్ భరించడం, చివరికి ఒకనాడు ఆ యాప్ పాత ఫోనులో పనిచేయడం మానేస్తే రేడియోయే పోయిందనుకోవడం, ఇదీ సాధారణంగా జరుగుతున్నది. నిజానికి యాప్‌లోని మీట వెనుక ఉండేది ఒక లింకు, అంటే ఆ స్ట్రీమ్ దొరికే ఇంటర్నెట్ చిరునామా. ఆ చిరునామా తెలిసిన శ్రోత, తన పాటలు వినడానికి ఇప్పటికే వాడుతున్న ప్లేయర్‌లోనే, ఏ కొత్త యాప్‌తోనూ పని లేకుండా ఆ కేంద్రాన్ని వినగలడు. ఆకాశవాణి అధికారిక యాప్ న్యూస్ ఆన్ ఎయిర్ రెండు వందలకు పైగా ప్రసారాలను ఒకేచోట అందిస్తున్నదన్నది మెచ్చుకోవలసిన సంగతే, కొత్తవారు దానితో మొదలుపెట్టడంలో తప్పూ లేదు. కానీ రోజూ వినేవారికి అక్కరకు వచ్చేది, తమకు కావలసిన ఐదారు కేంద్రాల చిరునామాలు తమ దగ్గర రాసిపెట్టుకొని ఉండటం.

చిరునామాలు, వాటి రూపాలు

స్ట్రీమ్ చిరునామా మూడు రూపాల్లో కనిపిస్తుంది, ఏది ఏదో గుర్తుపట్టడం తెలిస్తే సగం చిక్కులు రావు. మొదటిది నేరుగా ధ్వనిని ఇచ్చే చిరునామా. షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ సర్వర్లది సాధారణంగా ఈ రూపమే. చిరునామా మధ్యలో కోలన్ తరువాత 8000 వంటి అంకె, చివర స్ట్రీమ్ అనో ఎంపీ3 అనో ఉండటం దీని ఆనవాలు. రెండోది ప్లేలిస్ట్ ఫైలు చిరునామా. ఎం3యూ, పీఎల్‌ఎస్ అనే పొడిగింపులతో ఉండే ఈ ఫైళ్లలో పాట ఉండదు. అసలు చిరునామా రాసిన రెండు మూడు వరుసలు మాత్రమే ఉంటాయి. లింకు నొక్కితే శబ్దం రాకుండా ఒక చిన్న ఫైలు డౌన్‌లోడ్ అయినప్పుడు చాలామంది అది చెడిపోయిన లింకు అనుకొని వదిలేస్తారు. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అసలు చిరునామా కళ్లెదుటే కనిపిస్తుంది.

మూడోది హెచ్‌ఎల్‌ఎస్. 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో సర్వర్ ధ్వనిని కొన్ని సెకన్ల ముక్కలుగా కత్తిరించి, తాజా ముక్కల పట్టికను ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటుంది. ప్లేయర్ ఆ పట్టిక చూసి ఒక్కో ముక్కను వరుసగా తెచ్చుకొని అతుకు తెలియకుండా వినిపిస్తుంది. ఎం3యూ8 అనే పొడిగింపు దీని గుర్తు. ఆకాశవాణి ప్రసారాలు ఎక్కువగా ఈ రూపంలోనే వస్తాయి. 2009కి ముందు తయారై ఆ తరువాత మెరుగులు దిద్దుకోని పాత ప్లేయర్లకు ఈ పద్ధతి తెలియదు కనుక, ఎంపీ3 స్ట్రీములు చక్కగా వినిపించే ప్లేయర్ ఆకాశవాణి దగ్గర మూగబోతే, తప్పు కేంద్రానిదో నెట్‌దో కాకపోవచ్చు. ఈ పద్ధతికి మరో లక్షణం కూడా ఉంది. ప్లేయర్ సాధారణంగా పట్టికలోని చివరి ముక్కకు మూడు ముక్కల వెనుక నుంచి మొదలుపెడుతుంది. ఒక్కో ముక్క ఆరు నుంచి పది సెకన్లు ఉంటే, వినపడేది స్టూడియోలో జరుగుతున్నదానికంటే కనీసం 18 నుంచి 30 సెకన్లు ఆలస్యమవుతుంది. వార్తలకు ముందు వచ్చే సమయ సంకేతంతో గడియారం సరిచేసుకునే అలవాటు ఉన్న పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

చిరునామాలు సంపాదించడానికి తొలి దారి ఆయా కేంద్రాల సొంత వెబ్‌సైట్లే. రెండో దారి రేడియో బ్రౌజర్ అనే బహిరంగ జాబితా. ప్రపంచమంతటి శ్రోతలు కలిసి పెంచుతున్న ఈ జాబితాలో భాష, దేశం పేరు పెట్టి వెతికితే కేంద్రం పక్కనే దాని స్ట్రీమ్ లింకు, ధ్వని నాణ్యత కనిపిస్తాయి. ఎవరైనా చేర్చగలిగిన జాబితా కాబట్టి పేరొకటి, ప్రసారమొకటి కావడం అప్పుడప్పుడు జరుగుతుంది. విని చూశాకే రాసుకోవాలి. ఈ రెండు దారులూ కుదరనప్పుడు కంప్యూటర్‌లోని బ్రౌజరే సాయపడుతుంది. కేంద్రం వెబ్‌సైట్ తెరిచి, ఎఫ్12 మీట నొక్కి, తెరుచుకున్న పెట్టెలో నెట్‌వర్క్ అనే విభాగాన్ని ఎంచుకొని, ఆ తరువాత వెబ్‌సైట్‌లోని ప్లే మీట నొక్కితే, బ్రౌజర్ తెప్పించుకుంటున్న ప్రతి వస్తువూ వరుసగా కనిపిస్తుంది. వాటిలో ఎం3యూ8, ఏఏసీ, ఎంపీ3 అన్న పొడిగింపు ఉన్న వరుసను ఎంచి దాని లింకును కాపీ చేసుకోవచ్చు. లింకు చివర పొడవాటి అక్షరాల గొలుసు ఉంటే అది కొన్ని గంటలకే కాలం చెల్లే తాత్కాలిక చిరునామా అయి ఉండవచ్చు. అటువంటిది దాచుకొని ప్రయోజనం లేదు.

ప్లేయర్‌లో పెట్టుకోవడం

ఏ ప్లేయర్ మంచిదన్న ప్రశ్నకు, వాడుతున్నవారికి ఇప్పటికే చేయి తిరిగినదే మంచిదన్నది సరైన జవాబు. అది హెచ్‌ఎల్‌ఎస్‌ను వినిపించగలగాలన్నదొక్కటే షరతు. ఇంకా ఏదీ ఎంచుకోనివారికి మాత్రం వీఎల్‌సీని సూచించడానికి గట్టి కారణాలున్నాయి. పారిస్‌లోని ఎకోల్ సెంత్రాల్ విద్యార్థులు 1996లో మొదలుపెట్టి, 2001లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేసిన ఈ ప్లేయర్‌లో ప్రకటనలు లేవు, ఖాతా తెరవమని అడగదు, పాత ఫోనులో, పాత కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది, పైన చెప్పిన మూడు రూపాల చిరునామాలనూ అర్థం చేసుకుంటుంది. 2022లో కొన్ని నెలలపాటు దీని వెబ్‌సైట్ మన దేశంలో తెరుచుకోకుండా పోయి, ఆ ఏడాది నవంబరులో తిరిగి అందుబాటులోకి వచ్చింది. అంతకాలమూ అప్పటికే ప్లేయర్ ఉన్నవారి వినికిడికి ఏ అంతరాయమూ కలగలేదు.

ఆండ్రాయిడ్ ఫోనులో వీఎల్‌సీ తెరిచి, అడుగు వరుసలో కుడి చివరనున్న మోర్ అనే మీట నొక్కితే స్ట్రీమ్స్ అనే భాగం వస్తుంది. అందులో న్యూ స్ట్రీమ్ ఎంచుకొని, కాపీ చేసి పెట్టుకున్న చిరునామాను అతికించి ప్లే నొక్కితే కొన్ని సెకన్లలో ధ్వని మొదలవుతుంది. ఆ చిరునామా అదే భాగంలో నిలిచి ఉంటుంది కాబట్టి మరునాడు మళ్లీ అతికించనవసరం లేదు. దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, అర్థంకాని అక్షరాల చిరునామా స్థానంలో కేంద్రం పేరు పెట్టుకోవచ్చు. తెర ఆర్పగానే రేడియో ఆగిపోతున్నదన్న ఫిర్యాదు చాలా ఫోన్లలో వినిపిస్తుంది. బ్యాటరీ ఆదా చేయాలని ఫోను తానే వెనుక నడుస్తున్న యాప్‌లను ఆపివేయడం దీనికి మూలం. ఫోను సెట్టింగ్స్‌లో వీఎల్‌సీ బ్యాటరీ వాడకానికి ఉన్న ఆంక్షను తీసివేస్తే ఆ చిక్కు తీరుతుంది. రాత్రి వింటూ నిద్రపోయేవారు ప్లేయర్‌లోని స్లీప్ టైమర్‌ను అరగంటకో గంటకో పెట్టుకుంటే డేటా, బ్యాటరీ రెండూ మిగులుతాయి.

కంప్యూటర్‌లో కంట్రోల్, ఎన్ మీటలు కలిపి నొక్కితే చిరునామా అతికించే పెట్టె నేరుగా వస్తుంది. విన్‌యాంప్, లినక్స్‌లోని ఆడేషియస్ వాడేవారికి కంట్రోల్, ఎల్ మీటలు అదే పని చేస్తాయి. లినక్స్‌లోనే రిథమ్‌బాక్స్‌కు రేడియో అనే ప్రత్యేక విభాగం ఉంది. వీఎల్‌సీలో స్ట్రీమ్ నడుస్తుండగా కంట్రోల్, జే నొక్కితే ఆ ధ్వని ఏ పద్ధతిలో కుదించబడిందో తెలుస్తుంది, అడుగున అసలు చిరునామా కూడా కనిపిస్తుంది. షిఫ్ట్, ఆర్ నొక్కితే వినపడుతున్నది ఫైలుగా రికార్డు అవుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. పగలు పనిలో ఉండి రైతుల కార్యక్రమం వినలేని కుటుంబానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. రికార్డు చేసుకున్నది ఇంటి వాడుకకు పరిమితం చేసుకోవాలి, ఎందుకంటే ప్రసారమైన పాటల మీద, నాటికల మీద హక్కులు వేరొకరివి.

సొంత కేంద్రాల ఫైలు

చిరునామాలను ప్లేయర్‌లో మాత్రమే ఉంచితే ఫోను మారినప్పుడు, యాప్ తీసివేసినప్పుడు అవి పోతాయి. వాటిని ఒక ప్లేలిస్ట్ ఫైలుగా రాసుకుంటే ఏ ఫోనులోనైనా, ఏ ప్లేయర్‌లోనైనా తెరుచుకుంటాయి, వాట్సాప్‌లో బంధువులకూ పంపవచ్చు. ఈ ఫైలు రాయడానికి నోట్‌ప్యాడ్ చాలు. మొదటి వరుసలో హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకొని ఖాళీ లేకుండా పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఈ, ఎక్స్, టీ, ఎం, అంకె 3, యూ రాయాలి. ఇది ప్లేలిస్ట్ అని ప్లేయర్‌కు చెప్పే వరుస. రెండో వరుసలో మళ్లీ హ్యాష్, ఆ వెంటనే ఈ, ఎక్స్, టీ, ఐ, ఎన్, ఎఫ్, తరువాత కోలన్, మైనస్ 1, కామా, ఆపైన కేంద్రం పేరు. పాట అయితే మైనస్ 1 ఉన్నచోట దాని నిడివి సెకన్లలో రాస్తారు. రేడియోకు ముగింపు లేదు కాబట్టి, నిడివి తెలియదన్న అర్థంలో మైనస్ 1 పెడతారు. మూడో వరుసలో చిరునామా. తరువాతి కేంద్రానికి మళ్లీ రెండో, మూడో వరుసల పద్ధతే. ఇలా ఐదు కేంద్రాలకు మొత్తం పదకొండు వరుసలు అవుతాయి.

దాచేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. సేవ్ యాజ్ పెట్టెలో ఫైలు రకాన్ని ఆల్ ఫైల్స్‌గా మార్చి, పేరు చివర ఎం3యూ8 పొడిగింపు స్వయంగా టైపు చేయాలి. లేకపోతే నోట్‌ప్యాడ్ తన టీఎక్స్‌టీ పొడిగింపును తగిలిస్తుంది, ప్లేయర్ దాన్ని గుర్తించదు. అదే పెట్టెలో ఎన్‌కోడింగ్ అన్నచోట యూటీఎఫ్-8 ఉండాలి. ప్రపంచ భాషల లిపులన్నిటినీ కంప్యూటర్‌లో భద్రపరిచే ఏర్పాటు యూటీఎఫ్-8. అది లేకుండా దాస్తే వివిధ భారతి అని తెలుగులో రాసుకున్న పేరు స్థానంలో ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో కనిపిస్తాయి. తెలుగు మాత్రమే చదవగల తల్లిదండ్రుల కోసం తయారుచేస్తున్న ఫైలులో పేర్లు తెలుగు లిపిలో ఉండటం చాలా ముఖ్యం, అందుకే ఈ చిన్న వివరాన్ని దాటవేయకూడదు.

కేంద్రాలు సర్వర్లు మార్చినప్పుడు చిరునామాలు చెడిపోతాయి. ఏదైనా మూగబోతే ఫైలులో ఆ ఒక్క వరుస మార్చితే సరిపోతుంది, మిగిలినవి చెక్కుచెదరవు.

డేటా లెక్క, తడబాటుకు మందు

స్ట్రీమ్ ఎంత డేటా తింటుందో లెక్క కట్టడం కష్టం కాదు. ధ్వనిని సెకనుకు ఎన్ని కిలోబిట్లుగా పంపుతున్నారో తెలిపే అంకెను బిట్‌రేట్ అంటారు. 64 కిలోబిట్ల స్ట్రీమ్ గంటకు సుమారు 29 ఎంబీ, 128 కిలోబిట్లది సుమారు 58 ఎంబీ తీసుకుంటుంది. పుట్టపాకలోనో కొయ్యలగూడెంలోనో గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడు రోజుకు ఎనిమిది గంటలు విన్నా మొదటి రకంతో అయ్యే ఖర్చు 230 ఎంబీ, రెండో రకంతో 461 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాకేజీలో ఇది సులభంగా ఇమిడిపోతుంది. అదే పాటలను వీడియో రూపంలో పెట్టుకొని తెర వెలిగించి వదిలేస్తే ఆ ప్యాకేజీ మధ్యాహ్నానికే చాలకపోవచ్చు, బ్యాటరీ సంగతి సరేసరి. ఒకే కేంద్రానికి రెండు మూడు బిట్‌రేట్లు దొరికినప్పుడు, మాటలకు, వార్తలకు తక్కువది చాలు. తక్కువ బిట్‌రేట్‌లో ఎంపీ3 కంటే ఏఏసీ ప్లస్ అనే కుదింపు పద్ధతి మెరుగ్గా వినిపిస్తుంది కాబట్టి, సిగ్నల్ బలహీనంగా ఉండే తండాల్లో, అడవి అంచు ఊళ్లలో 32, 48 కిలోబిట్ల ఏఏసీ ప్లస్ స్ట్రీమ్ దొరికితే దానినే ఎంచుకోవాలి.

మధ్యమధ్య ధ్వని తెగిపోవడానికి మందు బఫర్. వచ్చిన ధ్వనిని ప్లేయర్ వెంటనే ఖర్చు చేయకుండా కొంత ముందుగా నింపి పెట్టుకునే జాగాను బఫర్ అంటారు. కరెంటు వచ్చినప్పుడల్లా బోరు నీళ్లు తొట్టిలోకి నింపుకొని, తొట్టి నుంచి మడికి ఒకే ధారగా పెట్టుకునే నల్లగొండ రైతుకు దీని తర్కం వివరించనవసరం లేదు. వీఎల్‌సీ మామూలుగా 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక్క సెకను ధ్వనిని మాత్రమే ఇలా నిల్వ ఉంచుతుంది. కంప్యూటర్‌లో చిరునామా అతికించే పెట్టెలోని షో మోర్ ఆప్షన్స్ తెరిచి, క్యాషింగ్ అన్నచోట 5000 లేదా 10000 అని మార్చితే, ఐదు నుంచి పది సెకన్లపాటు సిగ్నల్ పోయినా పాట తెగదు. మొదలవడానికి ఆ మేరకు ఆలస్యమవుతుంది; పాట కోసం అన్ని సెకన్లు ఆగడం నష్టమేమీ కాదు.

స్ట్రీమ్ అసలు మొదలే కానప్పుడు కారణం పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు మరో కేంద్రం పెట్టి చూడాలి. అది వినిపిస్తే నెట్, ప్లేయర్ రెండూ బాగున్నట్టే. చెడిన చిరునామాను బ్రౌజర్‌లో అతికించి చూడాలి. అక్కడా దొరకలేదన్న సందేశం వస్తే కేంద్రం చిరునామా మార్చిందని అర్థం. బ్రౌజర్‌లో వినిపించి ప్లేయర్‌లో వినిపించకపోతే ప్లేయర్ పాతదై ఉంటుంది, దాన్ని తాజాపరచాలి. ఇంట్లో వినిపించి కాలేజీలోనో ఆఫీసులోనో వినిపించకపోతే, అక్కడి నెట్‌వర్క్ 8000 వంటి అంకెలున్న చిరునామాలను అడ్డుకుంటూ ఉండవచ్చు. విదేశంలో ఉన్నవారికి మాత్రమే వినిపించకపోతే ఆ కేంద్రం హక్కుల రీత్యా దేశపు హద్దు పెట్టి ఉండవచ్చు. దానికి శ్రోత చేయగలిగింది తక్కువ.

ఎవరికి ఏమి ఉపయోగం

ఈ నైపుణ్యాన్ని వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో చేర్చడానికి బలమైన కారణమే ఉంది. మనిషి ఏమి వినాలో ఎదుటి యంత్రం నిర్ణయించే కాలమిది. ఒక వీడియో ముగియకముందే మరొకటి సిద్ధమై, కళ్లనూ చేతులనూ కట్టిపడేస్తుంది. రేడియో కళ్లను అడగదు. నారాయణపేట, గద్వాల మగ్గాల మీద, రొట్టెలు చేసే పొయ్యి దగ్గర, పత్తి ఏరే చేలో చేతులకు పని ఉంటూనే చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని వార్తలతో, సంగీతంతో, వ్యవసాయ సలహాలతో నింపుకొనే స్వేచ్ఛ శ్రోత చేతిలోనే ఉండాలి. సొంత ఫైలులో తానే ఎంచి రాసుకున్న ఐదు పేర్ల ముందు కూర్చున్నవాడు తన సమయాన్ని తానే పంచుకుంటాడు.

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలో చదువుతూ పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న గ్రామీణ విద్యార్థులకు ఇది మరింత విలువైన సాధనం. ఆకాశవాణి తెలుగు, ఇంగ్లిష్ వార్తలను ఒకే ఫైలులో పక్కపక్కన పెట్టుకొని, ఒకే వార్తను ముందు తెలుగులో విని తరువాత ఇంగ్లిష్‌లో వింటే, అర్థం ముందే తెలిసి ఉండటం వల్ల ఉచ్చారణ మీద, వాక్యాల పొందిక మీద మనసు నిలుస్తుంది. కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటికి రోజుకు అరగంట పాటు, దాదాపు ఖర్చు లేకుండా దొరికే భాషా శిక్షణ ఇది. దీన్ని క్రమం తప్పకుండా చేయడమే కష్టం. అందుకే వార్తల వేళను ఫోను అలారంతో జతచేసుకోవాలి.

పాలమూరు నుంచి ముంబై, పుణె, గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కార్మికుల సంగతి వేరే చెప్పాలి. మీడియం వేవ్ కాలంలో రాష్ట్రం దాటి దూరం వెళ్లిన మనిషికి హైదరాబాద్ కేంద్రం దూరమయ్యేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉదయం ఏడు గంటలైనప్పుడు దుబాయిలో ఐదున్నర. షిఫ్టుకు తయారవుతున్న మనిషి గదిలో అదే తెలుగు గొంతు అదే నిమిషంలో వినిపించగలదు. ఆ గదిలో ఒక్కరికి ఎం3యూ8 ఫైలు అందితే, వాట్సాప్ ద్వారా అది గదిలోని అందరిదీ అవుతుంది.

కాబట్టి ఈ అధ్యాయం చదివిన యువతీ యువకులు ముందుగా చేయవలసింది, తమ ఇంట్లోని పెద్దవారిని ఏ కేంద్రాలు వినాలని ఉందో అడిగి, ఆ పేర్లు తెలుగులో రాసి ఫైలు తయారుచేసి, వారి ఫోనులో పెట్టి, ఒకటికి రెండుసార్లు వారి వేలితోనే నొక్కించి చూపించడం. ఊరు వదిలి వెళ్లిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు అదే ఫైలు ఆ సాయంత్రమే పంపాలి.